రాయి దాటాక ఇన్‌చార్జి

కొండలెక్కడం ఎలాగో నేర్చుకుని రావడానికి రాష్ట్ర పర్వత పర్యాటక ప్రోత్సాహక మండలి వారు ఆల్ప్స్ పర్వతాలకు బయల్దేరారు. మన దగ్గర కొండలు లేక కాదు. కావలసినన్ని ఉన్నాయి. అయితే మండలిలో ఎవరూ వాటి మీద కాలు పెట్టి ఎరగరు. శిక్షణ లేకుండా పెట్టడం క్షేమం కాదని మొదటి సమావేశంలోనే తీర్మానించుకున్నారు. ఆ శిక్షణేదో మన కొండల మీదే పొందవచ్చు కదా అని ఒక సభ్యుడు అడిగాడు. ఆయన్ని తర్వాతి సమావేశానికి పిలవలేదు.

బృందంలో ముగ్గురు. మొదటివారు ప్రత్యేక కమిషనర్ కర్లపూడి విశ్వంభరరావు గారు. ఆయన్ని 'మీరు' అంటే కాస్త చిన్నబుచ్చుకునేవారు. 'తమరు' అంటే సర్దుకునేవారు. ఏ పిలుపూ లేకుండా చేతులు కట్టుకుని నేల చూస్తూ నిలబడితే సంతోషించేవారు. రెండోవారు జాయింట్ డైరెక్టర్ ఇందుకూరి సత్యవాణి గారు. రూల్సు పుస్తకం ఆవిడకు కంఠతా వచ్చు. రూల్ అన్నది ఉంటే చాలు, అది ఎవరి మెడకు చుట్టుకుంటోందన్నది ఆవిడ చూడరు. మూడోవాడు సూపరింటెండెంట్ పొట్నూరు తవిటినాయుడు. కమిషనర్ గారి సంచి, మండలి గుండ్రటి ముద్ర, ఇంకు ప్యాడు, ఖాళీ లెటర్‌హెడ్లు, గోంగూర పచ్చడి సీసా మొయ్యడానికి ఎవరో ఒకరు కావాలి కాబట్టి తవిటినాయుడికి విదేశీయానం పట్టింది.

తవిటినాయుడు మాత్రం ఈ ప్రయాణానికి వేరే ఆశతో ఒప్పుకున్నాడు. అతని భార్య పైడమ్మ పాలకొండ ఆసుపత్రిలో నర్సు. ఇతను రాజధానిలో మండలి వారి కొండదారుల విభాగంలో. పెళ్లయిన కొత్తలో మొదలైన ఈ ఎడబాటు కూతురు పదో తరగతికొచ్చినా తీరలేదు. నాన్నంటే ఆ పిల్లకు ఆదివారం వచ్చి సోమవారం వెళ్లే చుట్టం. మండలికి పాలకొండలో ఒక పాత అతిథిగృహం ఉంది. హోదా తగ్గినా సరే, దాన్ని చూసుకునే పోస్టుకు నన్ను బదిలీ చేయండి మహాప్రభో అని తవిటినాయుడు అర్జీ పెట్టుకున్నాడు. కమిషనర్ గారు ఆ ఫైలు మీద ఎర్ర ఇంకుతో 'మాట్లాడండి' అని రాశారు. అప్పటి నుంచీ మాట్లాడదామని తవిటినాయుడు వెళ్తూనే ఉన్నాడు, పీఏ తలుపు దగ్గరే ఆపుతూనే ఉన్నాడు. విమానంలోనైనా, కొండ మీదైనా ఒక్క నిమిషం దొరక్కపోతుందా అని అతని ఆశ. విమానంలో దొరకలేదు. కమిషనర్ గారు ముందు తరగతిలో కూర్చున్నారు.

వాళ్లు వెళ్లిన కొండ పేరు గ్లోకెన్‌హోర్న్. ఆ పేరు ముగ్గురిలో ఎవరికీ నోరు తిరక్కపోయేసరికి, శిఖరం మీద పెద్ద గంట ఉందని తెలుసుకుని గంటలకొండ అని పెట్టుకున్నారు. అక్కడి జనానికి కొండెక్కడం మనకు సంతకు వెళ్లడం లాంటిది. ముసలమ్మలు చేతికర్రలు పట్టుకుని ఎక్కేస్తున్నారు. కొత్త దంపతులు, కుక్కలు, చంకలో పిల్లలతో తల్లులు, అందరూ ఎక్కేస్తున్నారు. పచ్చిక బయళ్లలో ఆవులు మెడగంటలు మోగించుకుంటూ మేస్తున్నాయి.

ఈ కొండతో మన రాష్ట్రంలోని ఒక కొండకు 'కవల కొండల పథకం' కింద బంధుత్వం కలపాలని ఒప్పందం. మంత్రిగారు ఆ సంగతి సభలో ప్రకటించేశారు కూడా. ఒప్పందం మీద సంతకం పెట్టిన ముగ్గురూ ఆ కొండ ఆచారాలన్నీ తు.చ. తప్పకుండా పాటిస్తూ శిఖరం చేరి గంట కొట్టాలి. కొట్టారని గైడు ధ్రువీకరించాలి. లేకపోతే పథకం లేదు. ఆచారాలంటే ఏ బొట్టో, దండో, కొబ్బరికాయో అయి ఉంటుందనుకుని కమిషనర్ గారు చదవకుండానే సంతకం పెట్టారు.

గైడు పేరు రేజీ. అరవై దాటిన మనిషి, నెరిసిన జడ, మోకాళ్ల దాకా బూట్లు. అడవి దారి ముగిసేచోట నడుం ఎత్తు రాయి ఒకటి ఉంది, దాని మీద ఎర్రగీత. ఆవిడ అక్కడ ఆగింది.

"ఇక్కడి దాకా ఎవరి మర్యాద వాళ్లది," అంది ఇంగ్లీషులో. "మా భాషలో మనిషిని పిలవడానికి రెండు మాటలున్నాయి. ఒకటి పెద్దవాళ్లకు, ఒకటి ఇంట్లోవాళ్లకు. ఈ రాయి దాటితే ఇంట్లోవాళ్ల మాట ఒక్కటే చెల్లుతుంది. పైన డాక్టరు లేడు, మంత్రి లేడు. పేరు పెట్టి పిలుచుకోవాలి. మా తాతల నుంచీ ఇదే ఆచారం."

"ఎందుకని?" అని సత్యవాణి గారు అడిగారు.

"పైన ఎవరిదైనా కాలు జారిందనుకో. 'అయ్యా, తమరు కొంచెం' అని మనం మొదలుపెట్టేసరికి ఆ అయ్య లోయలో ఉంటాడు."

కమిషనర్ గారు సత్యవాణి గారిని పక్కకు పిలిచారు. ముఖంలో రంగు మారింది.

"అంటే ఏమిటమ్మా? పైకి వెళ్లాక ఈ నాయుడు నన్ను నువ్వు అంటాడా?"

"అనవలసి ఉంటుంది సార్. ఒప్పందం ఏడో క్లాజు."

"నేను కిందే ఉండిపోతే?"

"సంతకం పెట్టిన ముగ్గురూ గంట కొట్టాలి సార్. మంత్రిగారు ప్రకటించేశారు."

"పోనీ, ఎవరూ ఎవరితో మాట్లాడకుండా ఎక్కితే?"

ఈ సందేహం రేజీ ముందు పెట్టారు. దారిలో ఎదురైన ప్రతి మనిషినీ పలకరించడం కూడా ఆచారమేనని, మూగనోము పట్టిన వాళ్లకు సర్టిఫికెట్ ఇవ్వనని ఆవిడ తేల్చి చెప్పింది. ప్రభుత్వ భాషలో మాట్లాడితే నువ్వూ రాదు, మీరూ రాదు కదా అని తవిటినాయుడి చేత ఒక ప్రయోగం చేయించారు. అతను చేతులు కట్టుకుని, "దాహం అగునెడల నీరు సరఫరా చేయబడును" అన్నాడు. ఆ వినయం చూసి రేజీ అడ్డంగా తల ఊపింది.

అప్పుడు ఆ రాయి పక్కనే, ఒక బల్ల మీద, 'స్థల సమీక్షా సమావేశం' జరిగింది. కమిషనర్ గారు అధ్యక్షత వహించారు. తవిటినాయుడు నిలబడి మినిట్స్ రాశాడు. చాలాసేపు ఎవరికీ ఏమీ తోచలేదు. పక్కనుంచి ఒక ముసలాయన మేకల్ని తోలుకుంటూ పైకి వెళ్లిపోయాడు కూడా. చివరికి సత్యవాణి గారి కళ్లు మెరిశాయి.

"సార్, పైన నువ్వు అనిపించుకునేది తమరా, తమరి పదవా?"

"రెండూ ఒకటే కదమ్మా."

"లోకంలో ఒకటే సార్. రూల్స్‌లో వేరు. తమరు సెలవు పెడితే పదవి ఇంకొకరి చార్జిలోకి వెళుతుంది. సెలవులో ఉన్న వ్యక్తిని ఎవరేమన్నా అది ప్రైవేటు వ్యవహారం. పదవి గౌరవానికి మచ్చ రాదు."

కమిషనర్ గారు గడ్డం గోక్కున్నారు. "బాగానే ఉంది. కానీ చార్జి తీసుకున్నవాడూ పైకి రావాలిగా. వాణ్ని నువ్వు అంటే పదవిని అన్నట్టే కదా?"

"అందుకే సార్, నువ్వు అనిపించుకోవడంలో తగిన అనుభవం, సీనియారిటీ ఉన్న ఉద్యోగికి ఇవ్వాలి. ఆ మాట అతని మీద పడ్డా కొత్త నష్టమేమీ ఉండదు."

ఇద్దరూ తవిటినాయుడి వైపు తిరిగారు. తవిటినాయుడు తన వెనక ఎవరున్నారా అని చూసుకున్నాడు. వెనక ఒక ఆవు ఉంది.

"నా పోస్టు కూడా అతనికే ఇచ్చేస్తాను సార్," అన్నారు సత్యవాణి గారు. "నాకూ ఒక పూట సెలవు కావాలి."

ఆ విధంగా రాయికి కిందివైపున, పూర్వాహ్నమున, మండలి లెటర్‌హెడ్ మీద బాధ్యతల బదలాయింపు పత్రం తయారైంది. 'పూర్తి అదనపు బాధ్యతలు, సమస్త అధికారములతో సహా' అని సత్యవాణి గారు పట్టుబట్టి రాయించారు. సగం చార్జి ఇస్తే మిగతా సగం కమిషనర్ గారి దగ్గరే మిగిలిపోతుందనీ, అప్పుడు ఆ సగాన్ని నువ్వు అన్నట్టవుతుందనీ ఆవిడ భయం. కమిషనర్ గారు తన సెలవును తనే మంజూరు చేసుకోబోతే ఆవిడ ఆపారు.

"కుదరదు సార్. ఎవరి మేలు వాళ్లు మంజూరు చేసుకోకూడదు. మూల సూత్రం. ఇన్‌చార్జి కమిషనర్ చేయాలి."

తవిటినాయుడి మొదటి అధికారిక చర్య కమిషనర్ గారికి, సత్యవాణి గారికి ఒక పూట సెలవు ఇవ్వడం. సంతకం పెట్టి, గుండ్రటి ముద్ర కొట్టాడు. రేజీ ఇదంతా చూస్తూ ఆపిల్ తినేసింది. "మా మంత్రులు ఇక్కడ టోపీ తీసి జేబులో పెట్టుకుంటారు. ఉద్యోగం తీసి పక్కన పెట్టడం ఇప్పుడే చూస్తున్నాను," అంది.

రాయి దాటారు. పదడుగులు వేశారో లేదో సత్యవాణి గారి గొంతు ఖంగున మోగింది.

"విశ్వంభరరావూ, నీ సంచి నువ్వే మోసుకో. శాఖాధిపతి ప్రైవేటు వ్యక్తుల సామాను మోయకూడదు."

విశ్వంభరరావు కొయ్యబారిపోయాడు. ఇక్కడి నుంచి కథకుడు కూడా ఆయన్ని గారు అనకూడదు, ఆచారం ఆచారమే. రూల్ ఉందంటే సత్యవాణికి నోరు తిరగని మాట లేదు. ఆమె ముఖంలో కక్ష లేదు, సరదా కూడా లేదు. ఫైలు పక్కకు జరిపినంత మామూలుగా అంది. విశ్వంభరరావు తవిటినాయుడి భుజం మీది నుంచి తన సంచి తీసుకుని తన భుజానికి తగిలించుకున్నాడు. పచ్చడి సీసా ఎవరిదన్న ప్రశ్న వచ్చింది. తినేవాడు విశ్వంభరరావే కాబట్టి అదీ ఆయన సంచిలోకే వెళ్లింది. ముద్ర, ప్యాడు, కాగితాలు మాత్రం ప్రభుత్వ సొత్తు కనుక తవిటినాయుడి దగ్గర ఉన్నాయి.

శాఖాధిపతి ముందు నడవాలి కాబట్టి తవిటినాయుడు ముందు నడిచాడు. అతనికి ఒళ్లంతా చెమట. ఇన్నేళ్లూ ఆయన వెనక నడిచిన కాళ్లు ముందుకు పడనంటున్నాయి. ఆచారం ప్రకారం ఒకసారైనా ఏకవచనంలో పిలవాలని రేజీ తొందరపెడితే, "విశ్వం..." అని మొదలుపెట్టి దగ్గేశాడు. రెండోసారి "భర..." దాకా వచ్చి తుమ్మాడు. విశ్వంభరరావు మాత్రం ఎప్పటిలాగే "నాయుడూ, నువ్వు కాస్త మెల్లగా నడవవయ్యా" అంటున్నాడు. ఆయన ఆచారం పాటిస్తున్నాడో, అలవాటు పాటిస్తున్నాడో రేజీకి అంతుపట్టక రెండుసార్లు అడిగింది.

ఇందాకటి మేకల ముసలాయన ఒక మలుపులో దొరికాడు. ఆయన విశ్వంభరరావు ఆయాసం చూసి వీపు మీద ఒక్క చరుపు చరిచి, తన భాషలో ఏదో అన్నాడు. "నడువు పిల్లాడా, పైన సూప్ వేడిగా ఉంది అంటున్నాడు," అని రేజీ చెప్పింది. విశ్వంభరరావు ఆగ్రహంతో సత్యవాణి వైపు చూశాడు. "నువ్వు సెలవులో ఉన్నావు," అని ఆమె గుర్తుచేసింది.

శిఖరం ఇంకాస్త దూరం ఉందనగా దారి సన్నబడి, ఒక పక్క గులకరాళ్ల జారుడు మొదలైంది. అక్కడ రేజీ తాడు ఇచ్చింది. తవిటినాయుడు ముందు, విశ్వంభరరావు వెనక. తవిటినాయుడు కొండ కింది ఊళ్లో పుట్టినవాడు, రాయి మీద ఎక్కడ కాలు వెయ్యాలో కాలికే తెలుసు. విశ్వంభరరావు కాలికి కార్పెట్టు తెలుసు. తిరిగి చూసేసరికి ఆయన జారుడు వైపు అడుగు తీస్తున్నాడు.

తవిటినాయుడికి ఏ పదవీ గుర్తు రాలేదు. కడుపులోంచి వచ్చింది కేక.

"ఒరే! ఒరే ఇశ్వం! కాలెనక్కెట్టు! అటేటి సూస్తావు, నన్ను సూడు! సెయ్యియ్యి!"

విశ్వంభరరావు కాలు వెనక్కి పెట్టాడు. ఆయన నిలబడబోయిన చోట రాళ్లు గలగలమంటూ కిందికి వెళ్లిపోయాయి, వెళ్లి చాలాసేపు చప్పుడు చేశాయి. తవిటినాయుడు చెయ్యి పట్టి లాగి గట్టి రాయి మీద కూర్చోబెట్టాడు. దారిలో ఉన్న జనమంతా చప్పట్లు కొట్టారు. ఎవరో ఫోన్లో వీడియో కూడా తీశారు.

అప్పుడు తవిటినాయుడికి తనేమన్నాడో తెలిసింది. పాలకొండ సంగతి సరే, ఉన్న ఉద్యోగం కూడా పోయినట్టేననుకున్నాడు. కానీ విశ్వంభరరావు కోప్పడలేదు. వంగి బూట్ల లేసులు బిగించుకున్నాడు.

"చిన్నప్పుడు కాలవలో లోతుకు వెళితే మా పెదనాన్న ఇలాగే అరిచేవాడు," అన్నాడు. "ఆయన పోయాక నన్ను ఒరే అన్నవాడు లేడయ్యా." తవిటినాయుడికి ఆయన మీద మొదటిసారి జాలి వేసింది.

శిఖరానికి కాస్త కింద చెక్క ఇల్లు ఒకటి ఉంది, ఎక్కేవాళ్లకు సూప్, రొట్టె పెడతారు. పొడుగాటి బల్లలు, ఎవరు ఎవరి పక్కనైనా కూర్చోవాలి. విశ్వంభరరావు పచ్చడి సీసా తీసి ముందు తవిటినాయుడి పళ్లెంలో వేశాడు. మండలి చరిత్రలో ఇలాంటిది జరగలేదు.

"నీకు పిల్లలెంతమందోయ్?"

"ఒక్కర్తే. పాలకొండలో. ఆళ్లమ్మ కూడా ఆడే." ఒరే అన్న నోరు ఇక వెనక్కి తిరగనంటోంది. "నానేమో ఇక్కడ, కాదు, రాజధానిలో. గదిలో ఒక్కణ్నే వండుకు తింటాను."

"అదేమిటయ్యా. బదిలీ అడగలేకపోయావా?"

తవిటినాయుడు చెంచా కింద పెట్టాడు. "అడిగేను. మాటాడమని ఫైలు మీద నువ్వే రాసేవు. మాటాడదారని ఎన్నిసార్లొచ్చినా నీ గుమ్మం దాటనిచ్చేవా? నా కూతురు నన్ను సుట్టమనుకుంటంది, తెలుసా నీకు?"

పక్క బల్లల వాళ్లు కూడా తలలు తిప్పారు. విశ్వంభరరావు పచ్చడి సీసాకు మూత పెట్టాడు. ఆ ఎర్ర ఇంకు మాట తను ఎన్ని ఫైళ్ల మీద రాశాడో, మాట్లాడటానికి ఎంతమంది వచ్చారో లెక్క గుర్తుకు రాక ఆయన సిగ్గుపడ్డాడు.

"ఇలా తే, ఒక కాగితం. ఇప్పుడే సంతకం పెట్టేస్తాను."

తవిటినాయుడు ఆనందంతో లెటర్‌హెడ్ తీశాడు. సత్యవాణి దాని మీద అరచెయ్యి పెట్టింది.

"ప్రైవేటు వ్యక్తి సంతకం చెల్లదు. నువ్వు సెలవులో ఉన్నావు, విశ్వంభరరావూ."

"అయితే ఇతనే పెట్టుకుంటాడు. కమిషనర్ ఇతనేగా!"

"తన మేలు తను మంజూరు చేసుకోకూడదు. కిందనే చెప్పాను."

మనసున్నవాడికి అధికారం లేదు, అధికారం ఉన్నవాడికి అవకాశం లేదు. విశ్వంభరరావు పోనీలే, కిందికి దిగాక చూద్దామని తవిటినాయుడి భుజం తట్టి, సూప్ బరువుకి బల్ల మీదే కునుకు తీశాడు. కిందికి దిగాక ఆయన ఎవరవుతాడో తవిటినాయుడికి తెలుసు. రాయికి అవతల అడుగు పెట్టగానే పీఏ, గుమ్మం, ఎర్ర ఇంకు అన్నీ మళ్లీ మొలుచుకొస్తాయి. రొట్టె నములుతూ కిటికీలోంచి చూశాడు. ఎదురుగా ఒక చిన్న చెక్క గది, దాని మీద బోర్డు ఉంది.

"అదేటి?" అని రేజీని అడిగాడు.

"కొండదారులు చూసుకునే మా ఆఫీసు. దారి కొండ మీద ఉంటే ఆఫీసు పట్నంలో ఎందుకుంటుంది?"

తవిటినాయుడు నమలడం ఆపాడు. ఏదో అమాయకంగా అడుగుతున్నట్టు సత్యవాణి వైపు తిరిగాడు.

"సత్యవాణీ, ఇన్‌చార్జికి ఆఫీసులు మార్చే అధికారం ఉంటదా?"

"సమస్త అధికారాలూ ఉన్నాయి. నేనే రాయించాను కదా. విభాగాల కార్యస్థానం నిర్ణయించడం శాఖాధిపతి విచక్షణ. ప్రజాప్రయోజనం కనబడాలి, అంతే."

"అధ్యయనంలో తేలింది ప్రజాప్రయోజనమేనా?"

"అంతకంటే ప్రజాప్రయోజనం ఏముంటుంది? దానికే కదా మనం వచ్చింది."

తవిటినాయుడు రాయడం మొదలుపెట్టాడు. ఇరవై ఏళ్లుగా పెద్దల కోసం ఉత్తర్వులు రాసిన చెయ్యి, ఎక్కడా కొట్టివేత లేకుండా సాగిపోయింది. 'ఆల్ప్స్ పర్వతములందు జరిపిన క్షేత్రాధ్యయనములో కొండదారుల కార్యాలయములు కొండల చెంతనే ఉండుట గమనింపబడినది. కావున ప్రజాప్రయోజనార్థము మండలి యొక్క కొండదారుల విభాగమును, సిబ్బంది యావత్తుతో సహా, పాలకొండ అతిథిగృహమునకు తరలించుచు తక్షణమే అమలులోనికి వచ్చునట్లు ఉత్తర్వు చేయడమైనది.' కింద సంతకం, మీద గుండ్రటి ముద్ర. సత్యవాణి దాన్ని రెండుసార్లు చదివింది. అందులో ఏ ఉద్యోగి పేరూ లేదు.

"ప్రైవేటు వ్యక్తిగా చెబుతున్నాను," అంది. "సక్రమంగా ఉంది."

తవిటినాయుడు దాన్ని ఫోన్లో ఫొటో తీసి మండలి వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు. తర్వాత అందరూ శిఖరం ఎక్కి గంట కొట్టారు. విశ్వంభరరావు కునుకు తీసి లేచిన హుషారులో మూడుసార్లు కొట్టి, పిల్లాడిలా నవ్వాడు. రేజీ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టింది.

సాయంత్రానికి రాయి చేరుకున్నారు. రాయికి కిందివైపున, అపరాహ్నమున, తవిటినాయుడు బాధ్యతలు తిరిగి అప్పగించాడు. కమిషనర్ గారు కోటు సర్దుకున్నారు. సంచి తీసి, చూడకుండానే పక్కకు చాపారు. తవిటినాయుడు అందుకున్నాడు.

"చార్జి కాలంలో ఏమైనా ఉత్తర్వులు జారీ అయ్యాయా?" అని ఆయన లాంఛనంగా అడిగారు.

"రెండు సార్. ఒకటి తమరిద్దరి సెలవు. రెండోది ఇది సార్."

చదువుతున్నకొద్దీ కమిషనర్ గారి కనుబొమలు పైకి వెళ్లాయి. "ఇదేమిటి! విభాగం మొత్తం పాలకొండా? నాయుడూ, నీకు మతి పోయిందా? రద్దు చేస్తున్నాను! అమ్మా, రద్దు ఉత్తర్వు రాయించండి!"

సత్యవాణి గారికి అప్పుడే గుర్తొచ్చింది, కొండదారుల విభాగం తన కిందే ఉందని, సిబ్బంది యావత్తు అంటే తను కూడానని. ఆవిడ ముఖం ఒక్కసారి పాలిపోయింది. అయినా రూల్ రూల్.

"రద్దు చేయడానికి కారణం చూపాలి సార్."

"జారీ చేసే అర్హత లేదు! అదే కారణం!"

"అర్హత లేదంటే, తమరు ఇచ్చిన చార్జి చెల్లదన్నట్టు సార్."

"చెల్లకపోతే?"

"చార్జి చెల్లకపోతే పైన కూడా కమిషనర్ తమరే సార్." ఆవిడ కాస్త ఆగి, గొంతు తగ్గించారు. "అప్పుడు ఆ రాళ్లల్లో అందరి ముందూ ఒరే ఇశ్వం అనిపించుకున్నది రాష్ట్ర ప్రత్యేక కమిషనర్ అవుతారు. వీడియో కూడా ఉంది."

కమిషనర్ గారు ఉత్తర్వు వంక చూశారు, రాయి వంక చూశారు, తవిటినాయుడి వంక చూశారు. తవిటినాయుడు చేతులు కట్టుకుని నేల చూస్తున్నాడు, ఆయనకు ఎప్పుడూ నచ్చే పద్ధతిలోనే. ఆయన పెదవుల మీద నవ్వు లాంటిది ఏదో వచ్చి, హోదా గుర్తొచ్చి ఆగిపోయినట్టు తవిటినాయుడికి అనిపించింది. కానీ తలెత్తి చూసే ధైర్యం చెయ్యలేదు.

"అమలు చేయండి," అన్నారు కమిషనర్ గారు, ఎవరితోనూ కాకుండా. కిందనున్న బస్సు వైపు నడిచారు. వెనకే సత్యవాణి గారు, పాలకొండలో ఆంగ్ల మాధ్యమం బళ్లున్నాయా అని ఫోన్లో ఎవరినో అడుగుతూ.

తవిటినాయుడు సంచి భుజాన వేసుకునే రాయికి ఆనుకుని పాలకొండకు ఫోన్ కలిపాడు. అక్కడ రాత్రి డ్యూటీ మొదలయ్యే వేళ. పైడమ్మ వెంటనే తీసింది.

"ఏటయ్యింది? మాటాడేవా? సంతకం ఎట్టేడా?"

"ఎట్టలేదే."

ఆమె ఏడవబోతోందని అతనికి తెలిసింది.

"అయితే ఇంకేటి," అంది పైడమ్మ. "మళ్లీ రావన్నమాట."

"నాను రావటం కాదే," అన్నాడు తవిటినాయుడు. "ఆఫీసే మనూరొచ్చెస్తంది."